అమ్మ వరసలోని గళ్ళు

చెన్నై,
6 జూలై 2004

నాన్నా,

మొన్న ఫోన్లో నేనెంత అరిచినా నీకు వినపడలేదు. పక్కన ఉన్న హాస్టల్ అమ్మాయిలందరికీ మాత్రం మన ఇంటి సంగతులన్నీ తెలిసిపోయాయి. అందుకే ఉత్తరం.

నేను చేసే పనేమిటని అడిగావు. ప్రొఫెసర్లు రాసిన పుస్తకాలు మా కంపెనీకి వస్తాయి. వాటిని అచ్చుకు తయారు చేస్తాం. ఇప్పుడు నా చేతిలో ఉన్న పుస్తకంలో పేద్ద పట్టిక ఒకటుంది. రాసిన మేడమ్ అందులో గళ్ళకు రంగులు వేసి పంపారు. అచ్చు నలుపూ తెలుపూ కాబట్టి రంగులు కుదరవు. బూడిదరంగులో ముదురూ లేతా వేస్తే జిరాక్స్ తీసినప్పుడు అన్నీ ఒకేలా మసకబారతాయి. అందుకని ఒక రకం గడికి చుక్కలు, ఇంకో రకానికి ఏటవాలు గీతలు, మరో రకానికి గీతల మీద గీతలు. చెప్పినంత సులువు కాదు. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో చేత్తో గీయం, ఎక్కడ ఏం రావాలో మాటల్లో రాస్తాం. వరస ఎత్తు కాస్త పెరిగితే గీతలు సగం గడిలోనే ఆగిపోతాయి. లేకపోతే పక్క గడిలోకి పోతాయి. వారం రోజులు దానితోనే కుస్తీ పట్టి గెలిచాను.

అసలు సంగతి ఇది కాదు. నేను ఇంటర్ చదివేటప్పుడు గుడ్డసంచీ వేసుకుని ఒక మేడమ్ మన ఊరు వచ్చి, అరుగు మీద కూర్చుని అమ్మతో గంటలు గంటలు మాట్లాడింది, గుర్తుందా? ఈ పుస్తకం ఆవిడదే! మన జిల్లా పల్లెల్లో ఆడవాళ్ళ మీద రాశారు. పేర్లు వెయ్యలేదు. ఒక్కొక్కరికీ ఒక వరస, నెలకొక గడి. ఒక వరస మొదట్లో "ప్రత్తిపాడు, పరుపులు కుట్టే ఇల్లు, భర్త, ఇద్దరు పిల్లలు" అని ఉంది. మన ఊళ్ళో పరుపులు కుట్టే ఇల్లు ఇంకోటి ఎక్కడుంది నాన్నా? అది అమ్మే.

ఏ గుర్తుకు ఏ అర్థమో మేడమ్ ఇంకా పంపలేదు. గుర్తులు మాత్రం వేసేశాను. చూసుకోవడానికి తీసిన కాగితం ఒకటి దీనితో పెడుతున్నా. పైనుంచి ఎనిమిదోది అమ్మ వరస.

తమ్ముడు గఫూర్‌ని మిర్చియార్డు నుంచి వచ్చాక తలస్నానం చెయ్యమను. దగ్గు తగ్గిందా?

నజ్మీన్

786

ప్రత్తిపాడు,
12-7-2004

నా బంగారుతల్లి నజ్మీన్‌ను మీ నాన్న బుడాన్ గుండెకు హత్తుకుని రాస్తున్నది.

తల్లీ, నీ కవరు వచ్చినప్పుడు నేను దూది ఏకుతున్నాను. మిషను ఆపకుండానే చింపాను. దూది గదంతా ఎగిరింది, నా మీసాల మీద, టీ గ్లాసులో, అంతటా. గఫూర్ తిట్టాడు. తిట్టనీ! నా కూతురు చేసిన పని నా చేతిలో ఉంది, నాకింక ఎవరి తిట్టూ వినపడదు.

ఎంత అందంగా చేశావమ్మా! చుక్కలు ఆవాలు చల్లినట్టు, ఏటవాలు గీతలు మన చారల పరుపుగుడ్డలా, ఆ గీతల మీద గీతలు మంచానికి నవారు అల్లినట్టు. ఒక్క గీత కూడా అంచు దాటలేదు. నేను ఇన్నేళ్ళు గుడ్డ అతికినా చారకు చార కలపడానికి ఇప్పటికీ చెమటలు పడతాయి. నువ్వు చెయ్యి కూడా పెట్టకుండా మాటలతో కలిపావు. ఐదో తరగతి చదివిన నా కడుపున ఎలా పుట్టావో నాకు తెలీదు.

ఇంక మీ అమ్మ సంగతి. నజ్మీ, ఎనిమిదో వరస చూశాక అరుగు మీద కూర్చుండిపోయాను. పెద్దరైతుల ఇళ్ళ వరసలన్నీ బోడిగా, తెల్లగా ఉన్నాయి. మీ అమ్మ వరసలోనే ఇంత పని! చుక్కలు, చారలు, నవారు, అన్నీ ఉన్నాయి. ఆషాఢం నుంచి మూడు నెలలైతే నిండుగా నవారే. బతికున్నప్పుడు ఒక్క మంచి చీర కొనివ్వలేకపోయాను. పోయాక కూతురు వచ్చి వరసంతా పూలు పూయించింది.

వెంకటనారాయణ మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఏ గుర్తు దేనికో కింద వివరం లేదు బుడానూ" అన్నాడు. "వివరం ఎందుకు మాస్టారూ, అందం కనపడట్లా?" అన్నాను. గుంటూరు వెళ్ళి దీనికి ప్లాస్టిక్ అట్ట వేయిస్తాను. కొట్లో తగిలిస్తాను.

గఫూర్ దగ్గు తగ్గింది. వానలకు దూది చెమ్మగిల్లి పని లేదు. సంతోషం మాత్రం చెమ్మగిల్లదు కదా.

మీ నాన్న

చెన్నై,
19 జూలై 2004

నాన్నా,

ఆ కాగితం ఎవరికీ చూపించకు. కొట్లో తగిలించొద్దు. దయచేసి మడిచి పెట్టెలో పెట్టు, లేదా నాకు తిరిగి పంపు.

ఎందుకో తర్వాత రాస్తాను. ఇప్పుడు రాయలేకపోతున్నా. నీ మీద కోపం లేదు. నువ్వు వేళకు తిను.

నజ్మీన్

786

ప్రత్తిపాడు,
25-7-2004

తల్లీ, నీ ఉత్తరం చదివి భయపడ్డాను, ఆ తర్వాత అర్థమైంది. కంపెనీవాళ్ళ కాగితం బయటికి పంపకూడదు, అంతేగా? పుస్తకం రాకముందే ఊరంతా చూస్తే నీ ఉద్యోగానికి ముప్పు. నేను వెర్రివాణ్ణి, నువ్వు చెప్పకుండానే నాకు తెలియాలి. మీ ఆఫీసరుకు నా పేరు చెప్పు. ముసలివాడు, కూతురు పని చూసి ఆగలేకపోయాడని చెప్పు. కావాలంటే నేనే వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంటా.

కానీ కాస్త ఆలస్యమైంది. ప్లాస్టిక్ అట్ట వేయించేశాను. తగిలించేశాను కూడా. పరుపులకు వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు. వివరం లేదంటే బాగుండదని నేనే చెప్పాను, చుక్కలంటే కుట్టుపని, చారలంటే దూదిపని, నవారంటే అన్ని పనులూ కలిపి వచ్చిన మనిషి అని. తెలుపంటే వంట తప్ప ఏమీ రానివాళ్ళు అని. ఇదేదో సరిగ్గా సరిపోయింది, నువ్వే చూడు!

దానికి పిచ్చయ్యగారి భార్య వెంకటరావమ్మ గొడవకు వచ్చింది. "ఏం సాయిబూ, పదెకరాల రైతు ఇల్లంటే మాదేగా, మా వరస తెల్లగా తుడిచిపెట్టినట్టుందేం? నేనేం చెయ్యనా ఇంట్లో? నా చేతి ఆవకాయ నువ్వు తినలేదా?" అంది. "తిన్నానమ్మగారూ, ఆవకాయకు గుర్తు పెట్టలేదేమో" అన్నాను. పరుపు కొనకుండా వెళ్ళిపోయింది. వెళ్ళనీ. మీ అమ్మ పక్కన నిలబడాలంటే మాటలా?

నువ్వు చెప్పావు కాబట్టి ఇవాళ కాగితం తీసేసి పెట్టెలో పెట్టాను. ఉద్యోగం సంగతి వెంటనే రాయి.

మీ నాన్న

చెన్నై,
2 ఆగస్టు 2004

నాన్నా,

ఉద్యోగానికి ఏమీ కాలేదు. నేను పిరికిదాన్నై అసలు సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తాను. కూర్చుని చదువు.

నేను నీకు కాగితం పంపిన తర్వాత మేడమ్ దగ్గర్నుంచి గుర్తుల అర్థం వచ్చింది. ఆ పట్టిక పనుల గురించి కాదు నాన్నా. తిండి గురించి. ఏ నెలలో ఎవరు రోజుకు ఎన్ని పూటలు తిన్నారో అందులో ఉంది. తెలుపంటే మూడు పూటలూ తిన్న మనిషి. చుక్కలు రెండు పూటలు. ఏటవాలు చారలు ఒక్క పూట. నువ్వు నవారన్నావే, అది కొన్ని రోజులు అసలేమీ తినకుండా గడిపిన నెల.

ఆషాఢం నుంచి మూడు గళ్ళు నేనే వేశాను. ఎంత శుభ్రంగా వచ్చాయో చూసుకుని మురిసిపోయాను. పక్క సీటు అమ్మాయిని పిలిచి మరీ చూపించాను.

అదే ఏడు నేను గుంటూరులో ఇంటర్ చదువుతున్నా. శనివారం ఇంటికొస్తే అమ్మ నాకు గుడ్డు చేసి పెట్టేది. నువ్వేం తిన్నావని ఒక్కసారీ అడిగిన గుర్తు లేదు.

నజ్మీన్

786

ప్రత్తిపాడు,
8-8-2004

నా పిచ్చితల్లీ! నన్ను చంపేశావు కదా! నీ ఉత్తరం చదివి రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి నమాజు చేసుకుంటుంటే ఒక్కసారిగా వెలిగింది. దేవుడికి వేయి దండాలు, అది ఆకలి కాదే! అది రోజా!

నువ్వు చిన్నదానివి, నీకు తెలీదు. మీ అమ్మకు రంజాన్ నెల చాలేది కాదు. వానాకాలం వచ్చిందంటే సోమవారం, గురువారం అదనంగా రోజాలు పట్టేది. ఒక్కో వారం ఇంకా ఎక్కువే. "ఎందుకే జోహరా, అందరూ ఒక నెల ఉంటే నువ్వు ఏడాదంతా ఉంటావు" అనేవాణ్ణి. "నా మొక్కులు నావి, మీరు తినండి" అనేది. మసీదు పెద్ద, ముతవల్లి కూడా "బుడాన్ ఇంట్లో మనిషిని చూసి నేర్చుకోండి" అని నలుగురిలో అన్నాడు. ఆ రోజు నేను చొక్కా గుండీలు తెగేట్టు నడిచాను.

ఆ మేడమ్ మనవాళ్ళావిడ కాదు. "ఈ రోజు ఏం తిన్నారు?" అని అడిగి ఉంటుంది, మీ అమ్మ "ఏమీ తినలేదు" అని ఉంటుంది. రోజాలో ఉన్న మనిషి ఇంకేం చెబుతుంది! ఆవిడ దాన్ని పస్తు కింద రాసేసుకుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

సాక్ష్యం కావాలంటే నేనున్నాను. తెల్లారుజామున మీ అమ్మ లేచి వంటింట్లో సహరీ తినేటప్పుడు గిన్నెల చప్పుడు నేను పడుకునే వినేవాణ్ణి. ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. ఆ చప్పుడుకి పక్కకి తిరిగి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

కాబట్టి నువ్వు ఆ మేడమ్‌కి వెంటనే చెప్పు. రోజాకు వేరే గుర్తు ఉండాలి. చుక్కలు కాదు, చారలు కాదు, ఎవరికీ లేనిది. నువ్వు ఎంత గొప్పదానివో, ఒక కొత్త గుర్తు చెయ్యలేవా? భక్తి గలిగిన మనిషిని ఆకలిగొన్న మనిషి కింద అచ్చెయ్యకూడదు తల్లీ. మీ అమ్మ పరువు నీ చేతిలో ఉంది.

మధ్యాహ్నం రెండు రోజుల అన్నం ఒక్కసారే తిన్నాను!

మీ నాన్న

చెన్నై,
16 ఆగస్టు 2004

నాన్నా,

నీ మాట మేడమ్‌కి మెయిల్లో రాశాను. వెంటనే జవాబిచ్చారు. అమ్మ ఆమెకు బాగా గుర్తుందట. చాలా బాధపడ్డారు. "నేను పూటలే లెక్కపెట్టాను, కారణం అడగలేదు. ఆమె లేదు కాబట్టి ఆమె ఇంటివాళ్ళ మాటే నాకు ఆధారం, మార్చండి" అని రాశారు. రోజాలు ఎంత తరచుగా పట్టేదో బయటివాళ్ళు ఎవరైనా చెప్పగలరేమో కనుక్కోమన్నారు. పక్కింటి గురవమ్మత్తకు తెలుస్తుంది కదా, అడుగు. ఈ నెల ఇరవై ఎనిమిదిన పుస్తకం ప్రెస్సుకు పోతుంది, ఆ లోపు రాయి.

కొత్త గుర్తు చేశాను. సన్నని నిలువుగీతలు, వాటి మధ్య దూరదూరంగా చుక్క. నవారు తీసేసి మూడు గళ్ళలోనూ అదే వేశాను. మార్చడానికి క్షణం కూడా పట్టలేదు. గుర్తుకొక అంకె ఉంటుంది, అది కొట్టేసి ఇంకో అంకె వెయ్యడమే. అంత తేలిగ్గా పోతుందని నేననుకోలేదు.

నాన్నా, ఒక్క మాట అడగనా? అమ్మ అదనపు రోజాలన్నీ వానాకాలంలోనే ఎందుకు పట్టేది? పెళ్ళిళ్ళ రోజుల్లో, నీకు చేతినిండా పని ఉన్నప్పుడు పట్టినట్టు నాకు గుర్తు లేదు. నేను బయట చదువుకున్నాను, నాకు తెలియకపోవచ్చు. నువ్వు చెబితే అదే నిజం.

నజ్మీన్

786

ప్రత్తిపాడు,
29-8-2004

అమ్మా నజ్మీన్,

గురవమ్మ వాళ్ళ కూతురి పురిటికి వాడరేవు వెళ్ళింది. నిన్న వచ్చింది. వెళ్ళి అడిగాను. నవ్వుతూనే వెళ్ళాను. "గురవమ్మా, మా జోహరా వారానికి ఎన్ని రోజాలు పట్టేదో నువ్వు చెప్పాలి, అది పుస్తకంలోకి ఎక్కుతుంది" అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. "ఒక్కపొద్దులా? ఎవరు చెప్పారన్నా నీకు?" అంది.

"ఆమే చెప్పేది."

"నీకు చెప్పుద్ది. నాకెందుకు చెప్పుద్ది?" అని మళ్ళీ చేట అందుకుంది. నేను కదలకపోయేసరికి చెప్పింది. ఆమె మాట ఆమె అన్నట్టే రాస్తున్నాను. "వానల్లో నీకు పని ఉండేది కాదన్నా. వదిన నీకూ పిల్లలకే సరిపడా ఎసరు పెట్టేది. తినలేదంటే నువ్వు నీ కంచంలోది తీసి పెడతావు. రోజా అంటే బలవంతం చెయ్యవు కదా. అందుకని రోజా అనేది. తెల్లారుజామున ఖాళీ గిన్నెలు కదిలించేది, నువ్వు వినాలని. నేను గోడ ఇవతల్నుంచి వినేదాన్ని. ఓ రోజు పట్టలేక 'ఎందుకొదినా ఈ నాటకం, రా, మా ఇంట్లో గటక తాగు' అన్నా. 'గిన్నె చప్పుడు కాకపోతే ఆయనకు నిద్రపట్టదు' అని నవ్వింది. గటక కూడా ముట్టలా, ముట్టుకుంటే రోజా అబద్ధమైపోద్దంట."

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలీదు.

మార్చొద్దు తల్లీ. మీ అమ్మ ఆ మేడమ్‌కి ఒక్కదానికే నిజం చెప్పింది. మనకెవ్వరికీ చెప్పనిది, ఊరుకాని ఊరి మనిషికి చెప్పుకుంది. నేను దాన్ని తుడిపించాను. మళ్ళీ నవారే వెయ్యి. నువ్వు ఎంత శుభ్రంగా వేశావో అంత శుభ్రంగా వెయ్యి.

నాకు చూపు ఆనడం లేదు, ఇంక ఆపుతాను.

నాన్న

చెన్నై,
4 సెప్టెంబర్ 2004

నాన్నా,

నీ ఉత్తరం ఈ రోజు అందింది. పుస్తకం ఇరవై ఎనిమిదినే ప్రెస్సుకు పోయింది. మేడమ్‌కి ఫోన్ చేశాను, ప్రెస్సుకు చేశాను, మా మేనేజర్‌ని బతిమాలాను. ఆ పట్టిక ఉన్న ఫారం అచ్చయిపోయిందట. ఒక్క వరస కోసం మళ్ళీ వెయ్యరు.

మేడమ్ ఫోన్లో ఏడ్చారు. ఇంకోసారి అచ్చువేస్తే మారుస్తామన్నారు. ఇలాంటి పుస్తకాలు ఇంకోసారి అచ్చుపడవు నాన్నా, నాకు తెలుసు.

తప్పు నీది కాదు. నాకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక కూడా అంకె మార్చింది నేనే. నువ్వు మళ్ళీ సంతోషంగా ఉత్తరం రాశావని మార్చాను.

గఫూర్ నాకు ఫోన్ చేశాడు. నువ్వు కొట్టు తియ్యడం లేదట. పుస్తకం వచ్చాక నీకు పంపనా, వద్దా?

నజ్మీన్

786

ప్రత్తిపాడు,
11-12-2004

నా తల్లి నజ్మీన్‌కు,

పుస్తకం అందింది. పంపి మంచిపని చేశావు. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు, కోపం అనుకోకు. రాద్దామని కూర్చుంటే మాట వచ్చేది కాదు. మా నాన్న ఇంత మాటకారి, ఇప్పుడేమయ్యాడని నువ్వు అనుకుని ఉంటావు. కొట్టు తీస్తున్నాను. చలికాలం కదా, పని బాగానే ఉంది.

ఎనిమిదో వరస చూశాను. నిలువుగీతలు, మధ్యలో చుక్క. అందంగానే ఉంది. నీ చేతిలో పడ్డది అందంగా కాక ఎలా వస్తుంది.

పుస్తకం వచ్చిందని తెలిసి నలుగురూ కొట్టుకి వచ్చారు. దాచుదామనుకున్నాను, కుదరలేదు. వెంకటనారాయణ మాస్టారు తీసి పైకి చదివాడు. ఈసారి కింద వివరం ఉంది కదా. చుక్కలు ఇదీ, చారలు ఇదీ అని ఒక్కొక్కటే చెప్పాడు. ఎవరి వరసలో ఏముందో చూసుకుని కొందరు లేచి వెళ్ళారు. వెంకటరావమ్మగారు తన తెల్లవరస మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చుంది. ఆవకాయ మాట ఎత్తలేదు. చివరికి మాస్టారు మీ అమ్మ వరసకి వచ్చాడు. "మతపరమైన ఉపవాసం. ఈ గుర్తు ఈ పుస్తకం మొత్తంలో ఒక్కరికే ఉంది బుడానూ" అన్నాడు. అందరూ "మహాతల్లి" అన్నారు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను తల్లీ. నాకు ఎదురుగా గురవమ్మ కూర్చుని ఉంది. నా వంక చూసింది. కొంగు సర్దుకుని అందరికీ వినపడేట్టు, "వదిన రోజా పట్టిందంటే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. గోడ పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలీదా?" అంది.

నేను "అవును" అన్నాను.

నువ్వు నిజం వెయ్యలేకపోయానని కుమిలిపోకు. మీ అమ్మ మనందరికీ ఏం చెప్పాలనుకుందో అదే అచ్చయింది. ఆ మేడమ్‌కి చెప్పుకున్నది మన ఇద్దరి దగ్గరా, గురవమ్మ దగ్గరా ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. ఇకమీద ఉత్తరం రాసినప్పుడల్లా ఆ రోజు ఏం తిన్నావో రాయి. తినకపోతే తినలేదనే రాయి.

మీ నాన్న
బుడాన్